పాస్టరమ్మ ల్యాప్‌టాప్‌లో మా పాటలు

ఆ రోజుల్లో, అంటే కరీంనగర్‌లో మొదటి ఉద్యోగం దొరికిన కొత్తలో, చెడిపోయినవన్నీ నేనే బాగుచేయాలన్న పిచ్చి ఒకటి నాకుండేది. చొప్పదండి దగ్గర మా చర్చిలో పాటలు తెరమీద వేసే కంప్యూటర్ ముసలిది. దాని డిస్కులోంచి ఒక పేజీ బయటికొచ్చేసరికి చరణం అయిపోయేది. మెమరీలో పెడదామంటే దానికున్నది పిడికెడు. అదే బల్లమీద, పాస్టరమ్మ ప్రకటనలు చదివే కొత్త ల్యాప్‌టాప్‌లో మెమరీ బోలెడంత ఖాళీ. మధ్యలో కేబుల్ వేసి పాటలన్నీ అందులో దాచాను. పిలిస్తే పలికినట్టు వచ్చాయి. (పక్కింటి ఫ్రిజ్‌లో మన పెరుగు పెట్టుకోవడమే ఇది, ఆఫీసులో మాత్రం దీనికో పెద్ద పేరుంది.) కోత పండుగకు అన్నీ కొత్త పాటలే, పుస్తకాలు అచ్చు వేయిద్దామని సంఘపెద్దలంటే మా బాపు లేచి, తన కొడుకుండగా అదెందుకన్నాడు. ఆ మాటతో బాపు ఇజ్జత్ నా కేబుల్‌కు వేలాడింది.

పండుగనాడు మొదటి పాట జోరుగా సాగింది. తర్వాత ప్రార్థన. మా దగ్గర ప్రార్థనంటే కళ్లే కాదు, మా ముందు ఏది తెరిచుంటే అది మూస్తాం. పాస్టరమ్మ భక్తిగా ల్యాప్‌టాప్ కూడా మూసింది. (రిహార్సల్‌లో మేం ప్రార్థన చేయలేదు మరి.) ఆమెన్ అయ్యాక రెండో పాట అందుకుంటే తెర తెల్లగా ఉంది. తబలా ఆగింది.  మూయగానే ల్యాప్‌టాప్ నిద్రపోయి లింకు తెగింది, నేను మూత తెరిచినా కలవలేదు. పాటలు ముసలిదాని డిస్కులో ఉన్నాయి, కానీ అవతల దొరక్కపోతే ఇవతల వెతుక్కోమని నేను దానికి చెప్పలేదు. నా పనిమీద నాకంత నమ్మకం! రెండు కంప్యూటర్లనూ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సంఘమంతా బాపునే చూస్తోంది.

అన్నం ముందు కూడా రెండు ముక్కల్లో ప్రార్థన ముగించే బాపు, లేచి మైకు అందుకున్నాడు.

"ఇంకొక్కసారి జర కండ్లు మూసుకుందాం."

పత్తి కోసం, బర్రెల కోసం, మా మేనత్త మోకాళ్ల కోసం, రోడ్డు గుంతల కోసం ప్రార్థించాడు. ఒక కన్ను మాత్రం నామీదే. అలవాటుగా పాస్టరమ్మ చేయి మళ్లీ మూతమీదికొస్తే వేళ్లు అడ్డంపెట్టాను. నలిగాయి, అరవలేదు. బాపు దగ్గర సరుకు అయిపోవచ్చింది, ఆదిలాబాద్ చుట్టాల కోళ్లదాకా వచ్చాడు. అప్పుడు తెరమీద పాట వెలిగింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

బయటికొచ్చాక బాపు తిడతాడనుకున్నాను. "దేవునికి చెప్పేటియన్ని ఇయ్యాల్నే అయిపోయినయ్ రా. వచ్చే యేడు పుస్తకాలు అచ్చేయిద్దాం" అన్నాడు.

ఇప్పుడు వందల కంప్యూటర్లు ఒకదాని మెమరీ ఒకటి వాడుకునేచోట పనిచేస్తున్నాను. ఎవరేం కట్టినా నేను మొదట అడిగేది, అవతలిది కళ్లు మూసుకుంటే ఇవతలిదేం చేస్తుందని. కుర్రవాళ్లు నవ్వుతారు. ఎప్పుడైనా అంతా ఆగిపోయి అందరూ నావైపు చూస్తే, ఇంకో నిమిషం సాగదియ్యి బాపూ అని లోపల అనుకుంటాను.