టీచరమ్మతో శ్రీలంక బస్సుల్లో

కొబ్బరికోరు, ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు రోట్లో వేసి దంచుతుంటే, ఆ ఘాటుకి నాకు ముందు తుమ్ము వస్తుంది, వెనకే సుభద్ర టీచరమ్మ గుర్తొస్తారు. బరంపురంలో గేట్ బజార్ వెనక సందులో ఆవిడ ఇల్లు. పెరటిగదిలో అద్దెకి నేను. మాది ఆర్యపల్లి. నాన్నకి పడవ, అమ్మకి చేపల గంప. చదువు కోసం వచ్చి, ల్యాబులో ఉద్యోగం దొరికాక అక్కడే ఉండిపోయాను. టీచరమ్మ నిష్ఠగల బ్రాహ్మణ స్త్రీ, భర్త లేరు. గది ఇచ్చినప్పుడు పెట్టిన షరతు ఒక్కటే: చేప వాసన గడప దాటకూడదు. అందుకని నన్ను చూడ్డానికొచ్చినా అమ్మ గంపతో వీధి మలుపులోనే నిలబడేది. నేనే వెళ్లి మాట్లాడి, తెచ్చింది అక్కడే తిని, చేతులు సబ్బుతో రుద్దుకుని లోపలికొచ్చేదాన్ని.

ఉద్యోగమంతా పిల్లలకి పటం మీద శ్రీలంక చూపించిన ఆవిడకి, రిటైరయ్యాక దాన్ని కాళ్లతో తిరిగి చూడాలనిపించింది. "ఫోనులో దార్లు చూడ్డం నీకొచ్చు, ధైర్యం నాకుంది. పద," అన్నారు. ఆవిడ పింఛనుకి, నా జీతానికి పెద్ద హోటళ్లెక్కడివి? కాలేజీ పిల్లలు వీపుకి తగిలించుకునే సంచులు బజార్లో కొనుక్కుని బయల్దేరాం. ఊళ్లన్నీ ఎర్ర బస్సుల్లోనే తిరిగాం. ఒకదాని మీద ఒకటి మంచాలుండే గదుల్లో పడుకున్నాం. పై మంచం కోసం ఆవిడే పోటీ పడేవారు. నేను అటుకులు తెచ్చానంటే తిట్టారు. "ఊరు తెలియాలంటే ఊరి బస్సెక్కాలి, ఊరి తిండి తినాలి. అటుకులు తినడానికి బరంపురం ఏం పాపం చేసిందే?"

మాతర అనే ఊళ్లో, బస్టాండు పక్కన చిన్న హోటలు. చేప వద్దు, మాంసం వద్దు అని టీచరమ్మ ఇంగ్లీషులో మరీ మరీ చెప్పారు. యజమాని తలూపి ఎర్రబియ్యం అన్నం, పప్పు, పనసకూర, రోట్లో దంచిన కొబ్బరి పచ్చడి పెట్టాడు. ఆవిడ పచ్చడి నోట పెట్టి, "ఒసే నీలా, ఏటే ఇది! మన కొబ్బరి పచ్చడికి అక్కలా ఉంది," అని మళ్లీ వేయించుకున్నారు. నేనూ ఒక ముద్ద తిన్నాను.  అందులో ఎండుచేప పొడి ఉంది. ముక్క కనబడకపోతే అక్కడివాళ్లకి అది చేపల లెక్కలోకి రాదట. కానీ ఆర్యపల్లి నాలుక దగ్గర అది దాగుతుందా? చెప్తే ఆవిడ నియమం పోయిందని తెలిసిపోతుంది, ఆ కోపంలో నా గదీ పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడ ఇష్టంగా ఇంకో ముద్ద కలుపుతున్నారు. ఇక ఉండబట్టలేక, నసుగుతూ అన్నాను.

"టీచరమ్మా, తినకండి. అందులో ఎండుచేప ఉన్నాది."

చెయ్యి కంచంలోనే ఆగింది. "నీకెలా తెలుసు?"

"మాయమ్మ ఇదే పొడి సేసి కూరల్లో ఏస్తాది."

ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చి కూర్చున్నారు. మొహం పాలిపోయింది. యజమానినేమీ అనలేదు. నన్ను మాత్రం అడిగారు: "చెప్పడానికి అంత నీళ్లు నమిలావేం?"

"గది కాళీ సెయ్యమంటారని బయమేసింది."

"నా దగ్గర నీకంత భయమా పిల్లా?"

అవునన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే చేప తిన్నందుకే అనుకున్నాను.

"తెలియక తిన్నది ఎలాగో అరిగిపోతుంది. ఇన్నేళ్లూ భయపడుతూ తిన్నావే, అది నీకెలా అరిగిందే?" అన్నారు.

ఆవిడేమీ మారిపోలేదు. వంటింటి నియమం చివరిదాకా అలాగే ఉంది. అయితే మేం తిరిగొచ్చాక అమ్మ వచ్చిన రోజున, వీధి మలుపుదాకా ఆవిడే నడిచి వెళ్లారు. "గంపతోనే రా అమ్మా. పెరటిగదిలో నీ కూతురికి నువ్వే వండిపెట్టు," అని తీసుకొచ్చారు. లోపలికొచ్చిన అమ్మ గంప ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయింది. టీచరమ్మే ఒక చెయ్యి వేసి దించారు.

ఆవిడ ఇప్పుడు లేరు. మా ఇంటి మేడమీద గదిలోకి చికిటి నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో చదువుకునే ఆడపిల్లలు అద్దెకొస్తుంటారు. తాళం ఇచ్చేముందు, ఏం తింటారో, ఇంటికెవరొస్తారో భయపడకుండా చెప్పమంటాను. కొందరు గడగడా చెప్పేస్తారు. తల దించుకున్న పిల్ల పక్కన మాత్రం, నోరు విప్పేదాకా కూర్చుంటాను.