బూడిదలో రెండో అడుగు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. చాలా ఏళ్ళుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. పోయినవాళ్ళు తిరుగుతారన్నదే నిజమైతే మా వార్డులో నడవడానికి సందు కూడా ఉండకూడదు. కొత్తగా చేరిన నర్సులు మూల బెడ్డు గురించి గుసగుసలాడితే బాగా చీవాట్లు పెట్టేదాన్ని. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో అవయవ మార్పిడి కోఆర్డినేటర్‌ని. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మెదడు పూర్తిగా చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చాక, ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చుని అవయవాలు ఇస్తారా అని అడగడం నా పని. మాది విజయనగరం దగ్గర పల్లె. ఇదేం ఉద్యోగమే తల్లీ అని మా అమ్మ ఇప్పటికీ మొహం చిట్లిస్తుంది.

గాసి అనే అతనిది హుకుంపేట అవతల కొండ మీద ఊరు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలు కోస్తుండగా వెదురు నిచ్చెన జారి, తల కిందుగా పడ్డాడు. డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొచ్చి, పాడేరులో చూపించి, అక్కడినుంచి మా దగ్గరికి తెచ్చారు. అప్పటికే చేయగలిగిందేమీ మిగల్లేదు. వెంటిలేటర్ తీసి, సొంతంగా ఊపిరి తీసుకుంటాడేమో చూసే పరీక్ష నిబంధన ప్రకారం రెండుసార్లు చేశారు. తీసుకోలేదు.

అతని భార్య పేరు సుకిరి. చిన్నపిల్ల, ఇంకా బిడ్డలు లేరు. భర్త ఛాతీ ఎగిసి పడుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆ ఊపిరి మిషనుది అని చెబితే ఏ భార్య నమ్ముతుంది? నేనైతే నమ్మను.

అలాంటప్పుడు మేం చెప్పే మాట ఒకటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరం చెబుతాం, మా పోస్టర్ల మీదా ఉంటుంది. "మీ మనిషి పూర్తిగా పోలేదమ్మా, ఇంకొకరిలో బతికే ఉంటాడు." సుకిరితోనూ అదే అన్నాను.

"అయితే ఇంటికెప్పుడొత్తాడు?" అని అడిగింది.

దుఃఖంలో ఏదో అంటోందనుకుని చెయ్యి నిమిరాను. గాసి వాళ్ళ అన్నా, ఆమే కలిసి సరేనన్నారు.

గాసి కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది కాబట్టి దాన్నీ వద్దన్నారు. లివర్ ఒక్కటే పనికొచ్చింది. మా దగ్గరే ఎదురుచూస్తున్న ఒక టైలర్‌కి దాన్ని పెట్టారు. శ్రీకాకుళం వైపు మనిషి. భార్య లేదు, ఒక్కతే కూతురు. ఎవరిది ఎవరికి పెట్టారో ఆ ఇంటికీ ఈ ఇంటికీ చెప్పకూడదని నిబంధన. మాబోటి కొద్దిమందికే రెండు వైపులూ తెలుసు.

ఆ టైలర్ చెకప్‌కి వచ్చినప్పుడల్లా నా గది ముందు నిలబడేవాడు. మనిషి తిరిగి కండపట్టాడు, మిషను తొక్కుకుంటున్నాడు. ప్రతిసారీ అదే మాట. "ఎవులి పున్నెమో సిస్టరుగారూ. పేరొద్దు, ఊరు సెప్పండి సాలు. ఓపాలి ఎల్లి ఆళ్ళ గుమ్మానికి దండమెట్టుకునొచ్చేత్తాను."

చెప్పకూడదు బాబూ అనేదాన్ని. నవ్వేసి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అడిగేవాడు.

అలా ఉండగా మా విభాగం ఒక పరిశోధన మొదలుపెట్టింది. అవయవాలు దానం చేసిన ఇళ్ళవాళ్ళు తర్వాత ఎలా ఉన్నారు, మనం పట్టించుకుంటున్నామా అని. కొండ ఊళ్ళకు నన్ను పంపారు. సుకిరి ఇల్లు చూడడం అదే మొదటిసారి. రాగి అంబలి ఇచ్చింది. మా ప్రశ్నల్లో మొదటిది, మీ నిర్ణయం మీకు తృప్తిగా ఉందా అని. ఆమె జవాబు చెప్పకుండా పొయ్యి పక్కకు తీసుకెళ్ళి నేల చూపించింది. అక్కడ బూడిద పల్చగా పరిచి ఉంది.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉందట. మనిషి పోయాక పొయ్యి పక్కన బూడిద జల్లెడ పట్టి పరిచి, తలుపు మూసి అందరూ బయట పడుకుంటారు. తెల్లారాక అందులో గుర్తు కనబడితే పోయినవాడు ఇంటికి వచ్చినట్టు. అప్పుడు దిశారి, అంటే ఊరి పూజలు చేసే పెద్దాయన, అతన్ని పేరు పెట్టి పిలిచి, ఇంటి పెద్దల్లో కలిపి, అన్నం పెడతాడు. దాంతో పోయినవాడికీ విడుదల, ఉన్నవాళ్ళకీ విడుదల.

గాసికి పరిచిన బూడిద చెదరలేదు. ప్రతి అమావాస్యకీ పరుస్తూనే ఉన్నారు. చెదరదు కదా మరి అని దిశారే తేల్చేశాడట. మనిషి పూర్తిగా పోలేదు, పట్నంలో ఎవరిలోనో బతికే ఉన్నాడు, ఆసుపత్రి అమ్మే చెప్పింది కదా అని.

ఆ మాట వినగానే నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సంగతి అక్కడితో ఆగలేదు. పక్క ఊరి నుంచి ఒకతను సుకిరిని చేసుకుంటానని కబురు పంపుతున్నాడు. ఆమెకూ ఇష్టమే. అత్త కూడా వెళ్ళమనే అంటోంది, వాళ్ళలో అది తప్పు కాదు. కానీ మొగుడు ఉండగా ఇంకొకరి ఇంటికి ఎలా వెళ్తుంది? సుకిరి చచ్చినవాడి భార్యా కాదు, బతికున్నవాడి భార్యా కాదు. వయసు చూస్తే చిన్నది. అదంతా నేనన్న ఓదార్పు మాట వల్ల.

నేను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాను. గాసి ఆ రోజే పోయాడు, మేమనేది ధైర్యం చెప్పే మాట మాత్రమే అన్నాను. సుకిరి కోప్పడలేదు.

"అప్పుడు అబద్దం సెప్పినావా అమ్మా, ఇప్పుడు సెప్తన్నావా?" అని మాత్రం అడిగింది.

ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అప్పటినుంచి టైలర్ ఆరోగ్యంగా ఎదురైతే సంతోషం వేసేది, వెంటనే పొయ్యి పక్కన బూడిద పరుస్తున్న సుకిరి గుర్తొచ్చేది. ఆయన చల్లగా ఉండాలని కోరుకోవడమంటే ఆమె అలాగే ఉండిపోవాలని కోరుకోవడం. పోనీ ఆమె వైపు కోరుకుందామా అంటే, అది మనిషన్నవాళ్ళు కోరుకునేది కాదు. సుకిరి నా నంబరు తీసుకుంది కానీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

ఒకరోజు పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతుంటే చేసింది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఉండదు, గుట్టెక్కితేనే. రొప్పుతూ మాట్లాడింది.

"వచ్చేసినాడమ్మా! బూడిదలో అడుగు పడ్డాది. పెద్దోల్లలో కలిపేత్తన్నాం, నువ్వు తప్పకుండా రావాల."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పోనీలే, పిల్లిదో కోడిదో అడుగైనా పర్వాలేదు, ఆ పిల్లకి దారి దొరికింది అనుకున్నాను. టైలర్ గుర్తుకే రాలేదు. అంతకుముందు చెకప్‌లో రిపోర్టులన్నీ బాగున్నాయి.

మధ్యాహ్నం ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న తెల్లారేసరికి మంచం మీదే పోయి ఉన్నాడు సిస్టర్ అని ఏడ్చింది. గుండెపోటట. లివర్ ఏ ఇబ్బందీ పెట్టలేదట.

కాకతాళీయం అని నాకు నేను చెప్పుకున్నాను. సుకిరి ఫోన్ చేసేసరికి ఈ చావు మా ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఆ టైలర్ ఎవరో కొండ మీద ఎవరికీ తెలియదు. ఎవరైనా చెప్పి ఉంటారా అని తర్వాత ఎన్ని రకాలుగా ఆరా తీసినా దారి కనబడలేదు.

ఆ వారంలోనే సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. ఇంటి ముందు జనం, డప్పులు, జీలుగు కల్లు. సుకిరి తలకు నూనె రాసుకుని, తేటగా ఉంది. పొయ్యి పక్కన బూడిద మీద గంప బోర్లించి ఉంచారు. ఆసుపత్రి అమ్మ చూడాలని దిశారి గంప ఎత్తాడు.

ఒకటి కాదు, రెండు అడుగులున్నాయి.

ఒకటి వెడల్పుగా, వేళ్ళు విచ్చుకుని ఉంది. చెప్పులెరగని కాలు. అది గాసిదేనని ఊరంతా అంటోంది. పక్కన ఇంకొకటి, సన్నగా, వేళ్ళు దగ్గరగా నొక్కుకుని ఉంది. దానికి చిటికెన వేలు పడలేదు.

టైలర్‌కి షుగరు. ఆపరేషన్‌కి ముందే కుడికాలి చిటికెన వేలు తీసేశారు. ఆ కట్టు మార్చడం ఎన్నోసార్లు చూశాను. మెత్తటి బూడిదలో ఎవరి కాలిదైనా చిటికెన వేలు ఆనకపోవచ్చని నాకూ తెలుసు. ఆ మాట అక్కడ నిలబడి మనసులో అనుకుంటూనే ఉన్నాను, అయినా వంగి ఆ చోటే మళ్ళీ మళ్ళీ చూశాను.

అడ్డాకుల విస్తళ్ళు రెండు వేశారు. సామ అన్నం, కోడి కూర పెట్టారు. దిశారి గాసిని పేరు పెట్టి పిలిచాడు. రెండో విస్తరి దగ్గర ఆగి సుకిరి వైపు చూశాడు. సుకిరి నా వైపు చూసింది.

"మావోడితో ఎవులో సుట్టం వచ్చినాడమ్మా. ఇన్నాల్లూ ఈయన్ని ఉంచుకున్నోడే అయ్యుంటాడు. నీకెరికే కదా. పేరు సెప్పు, పిలిచి పెడతాం. పిలవకుండా పెడితే ఎలా తింటాడు?"

అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన పేరు నా నాలుక చివరే ఉంది. చెప్పినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఇద్దరూ పోయినవాళ్ళే. కానీ ఇన్నేళ్ళ అలవాటు నా నోరు నొక్కేసింది. నాకు తెలియదు అన్నాను.

సుకిరి నన్ను ఇంకోసారి అడగలేదు. విస్తరి ముందు కూర్చుని, "ఏ ఊరోడివో బాబూ, మా ఇంటిదాకా వచ్చినావు, తిను" అని తనే బతిమాలింది. కళ్ళనీళ్ళు ఆపుకోలేక బయటికి వచ్చేశాను.

సుకిరి ఇప్పుడు పక్క ఊళ్ళో ఉంది, సుఖంగా ఉంది. నేను ఆ ఓదార్పు మాట ఎవరి దగ్గరా అనడం లేదు. ఆ అడుగులకు కారణం వెతికి వెతికి అలిసిపోయాను. మా డాక్టర్లలో ఒకాయనకు చెబితే, బాగా అలిసిపోయావు, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో అన్నాడు. ఆ అడుగులు ఎవరివో నిజంగా నాకు తెలియదు.

తర్వాత టైలర్ కూతురు ఆసుపత్రికి వచ్చింది, మిగిలిపోయిన మందులు ఎవరైనా లేనివాళ్ళకు ఇవ్వమని. ఇచ్చి వెళ్ళిపోబోతూ ఆగింది.

"పదకొండోనాడు పిండం కాకి ముట్నేదు సిస్టరుగారూ. సాయంత్రందాకా సూసినాం. మా నాన్న ఆకలితోనే ఎల్లిపోనాడు" అని నా భుజం మీద పడి ఏడ్చింది.

వీపు నిమిరాను. ఆకలితో వెళ్ళలేదమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది. నిబంధన గుర్తొచ్చింది. ఆమెకూ చెప్పలేదు.