టర్కీ కొట్టు గుమ్మంలో అమ్మమ్మ చెప్పులు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టగానే మా అక్క పిల్లలు నవ్వుతారు. ఆ మాట వాడాలంటే కనీసం జుట్టు నెరిసి ఉండాలని వాళ్ళ ఉద్దేశం. నాకింకా నెరవలేదు. కానీ మొన్న ఒక బర్త్‌డే పార్టీలో మీసాలొస్తున్న కుర్రాడొకడు నన్ను ఆంటీ అని పిలిచి కేక్ ఎక్కడుందని అడిగాడు. కాబట్టి పెద్దదాన్నయ్యానని ఒప్పేసుకుని, పెద్దవాళ్ళ పద్ధతిలోనే ఒక పాత సంగతి చెప్పుకుంటాను.

అప్పట్లో మేం అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో ఉండేవాళ్ళం. అమ్మ, నాన్న, అక్క, నేను, అమ్మ చెల్లెలైన మా పిన్ని. మా వీధిలో తెలుగువాళ్ళంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మా పిన్ని ఒక్కతే బట్టల కొట్టులో పనిచేసేది. ఆ మాట అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "బట్టల కొట్టు కాదు, డిపార్ట్‌మెంట్ స్టోర్. లగ్జరీ" అని ప్రతిసారీ సరిచేసేది. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన కంపెనీ అది. అక్కడ ఏదో సందులో ఒక్క గదిలో మొదలైందట. తర్వాత పెద్ద మేడ అయింది, ఆ దేశంలో ఊరూరా పాకింది, చుట్టుపక్కల దేశాలు కూడా అయిపోయాక అమెరికా మీద కన్ను పడింది. మొదటి బ్రాంచ్ మా ఊరి మాల్‌లో పెట్టారు. మా ఊళ్ళోనే ఎందుకంటే ఇక్కడ పార్కింగ్ బాగుంటుందని మా నాన్న చెప్పేవాడు. అమెరికాలో జరిగే ప్రతి విషయానికీ ఆయన దగ్గరున్న కారణం అదొక్కటే.

కొట్టు లోపల ఏది ఎక్కడ పెట్టాలో, ఎలా కనపడాలో చూసే పని మా పిన్నిది. చాలా అందంగా పెట్టింది. ఎంత అందంగా అంటే, లోపలికి రావడానికి జనం భయపడేవారు. మనిషెత్తు గాజు తలుపులు, గుమ్మం లోపల ఎర్రటి తివాచీ, ఎదురుగా మఖమల్ గుడ్డ వేసిన వెడల్పాటి దివాను, దాని మీద విసిరేసినట్టు పడున్న ఒకే ఒక పట్టు శాలువా. ఆ శాలువా విసిరేసినట్టు పడడానికి పిన్నికి ఒక పూట పట్టేది. మాల్‌కి వచ్చినవాళ్ళు గాజులోంచి చూసి, ఫోటో తీసుకుని, పక్కనున్న ఐస్‌క్రీమ్ కొట్టుకి వెళ్ళిపోయేవారు. ఐస్‌క్రీమ్ వాడు మాత్రం మా పిన్నిని చాలా గౌరవించేవాడు.

ఇలా ఎన్నాళ్ళని నడుస్తుంది? ఇస్తాంబుల్ నుంచి ఆ కంపెనీ పెద్దావిడే స్వయంగా వస్తోందని కబురొచ్చింది. ఆవిడ చూసి సరేనంటే బ్రాంచ్ ఉంటుంది, ఇంకా నాలుగు ఊళ్ళలో పెడతారు. తల అడ్డంగా ఊపిందంటే మూసేస్తారు. మూసేస్తే పిన్ని ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగం మీదున్న వీసా పోతుంది, పిన్ని కూడా వెళ్ళిపోవాలి. అన్నం తింటూ ఈ సంగతి చెప్పి పిన్ని ఏడ్చేసింది. ఏడుస్తూనే రెండోసారి పప్పు వడ్డించుకుంది కాబట్టి నేనంత కంగారు పడలేదు. చివర్లో మాత్రం కళ్ళు తుడుచుకుని గట్టిగా చెప్పింది, "శనివారం ఆవిడ వచ్చే రోజు. ఆ రోజు దయచేసి మీరెవరూ అటు రాకండి."

ఆ "మీరెవరూ" అన్నది మా అమ్మమ్మని ఉద్దేశించి. అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర కొన్ని నెలలుగా ఉంది. సోమవారం ఆవిడ తిరుగు ఫ్లైట్. పిల్ల ఎక్కడ పనిచేస్తుందో కళ్ళతో చూడకుండా ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్పుకోవాలన్నది ఆవిడ బాధ. శనివారం పొద్దున్నే నలగని నేత చీర కట్టుకుని, తల దువ్వుకుని హాల్లో కూర్చుంది. మా అమ్మ చూసి చూసి, "దూరం నుంచి చూసి వచ్చేద్దాం" అని కారు తీసింది. అమ్మమ్మనీ నన్నూ మాల్ గుమ్మంలో దించి తను పార్కింగ్ వెతుక్కుంటూ వెళ్ళింది. పార్కింగ్ బాగుంటుందన్న నాన్న సిద్ధాంతం ఆ రోజు పనిచేయలేదు.

అమ్మమ్మ దూరం నుంచే చూసింది, రెండు క్షణాలు. తర్వాత గాజు తలుపు తోసింది.

ఆ తివాచీ, ఆ దివాను చూడగానే ఆవిడకి తెనాలిలో తను ఎప్పుడూ వెళ్ళే బట్టల కొట్టు కనపడి ఉంటుంది. అక్కడ పరుపుల మీద తెల్లటి దుప్పట్లు పరిచి ఉంటాయి. చెప్పులు బయట విడిచి, పరుపు మీద కూర్చుంటే చీరలు మన ముందుకొచ్చి పడతాయి. అమ్మమ్మ సరిగ్గా అదే చేసింది. చెప్పులు రెండూ విడిచి, గుమ్మం పక్కన గాజుకి ఆనించి పెట్టి, "చూస్తుండవే, ఎవరైనా వేసుకుపోతారు" అని నన్ను కాపలా పెట్టింది. వట్టి కాళ్ళతో తివాచీ దాటి, దివాను మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అడ్డంగా ఉందని శాలువా మడతపెట్టి పక్కన పెట్టింది. ఒక పూట పని ఒక్క నిమిషంలో మడతపడింది. అప్పుడు దర్జాగా అంది, "ఏవీ, చూపించండి."

మా పిన్ని మొహం నేను తర్వాత చాలాసార్లు అభినయించి చూపించాను, ఇంట్లో మంచి డిమాండ్ ఉండేది. అప్పుడు మాత్రం పిన్ని పరిగెత్తినట్టు కనపడకుండా పరిగెత్తుకొచ్చి, నా చెవిలో, "చెప్పులు తియ్యవే! ఆవిడ వచ్చేసింది!" అంది. నేను తియ్యలేదు. చూస్తుండమంది అమ్మమ్మ. తియ్యమంటోంది పిన్ని. ఇద్దరిలో సీనియర్ ఎవరో నాకు తెలుసు.

అప్పుడే ఆ పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నల్ల కోటు. మెడలో వజ్రాలుంటాయనుకున్నాను, కళ్ళజోడు తాడు ఉంది. ఆవిడ కొట్టు వైపు చూడలేదు. ముందు చెప్పుల వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఎవరివని ఇంగ్లీషులో అడిగింది.

"మా అమ్మమ్మవి. నేను కాపలా."

"ఇక్కడ చెప్పులు ఎత్తుకుపోతారా?"

"ఇక్కడ ఏమో తెలీదు. తెనాలిలో పోతాయి."

ఆవిడ చాలా సీరియస్‌గా తల ఊపింది. పిన్ని పక్కన నిలబడి ఏదో సారీ చెప్పబోతోంది. పెద్దావిడ లోపల దివాను మీదున్న అమ్మమ్మని ఒకసారి చూసింది. తర్వాత గాజు తలుపు పట్టుకుని, వంగి, తన బూట్లు ఒకటొకటిగా విప్పింది. అమ్మమ్మ చెప్పుల పక్కన జతగా పెట్టింది.

"అయితే నావి కూడా చూస్తుండు" అంది నాతో.

మేజోళ్ళతో నడుచుకుంటూ వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఎవరికో చెయ్యి ఊపి చాయ్ అంది. ఆ ఒక్క మాటా ఇద్దరికీ సొంతమే. అమ్మమ్మ మర్యాదకి వద్దంది. ఇన్ని నెలల్లో అమెరికాలో అమ్మమ్మ ఎవరింట్లో వద్దన్నా, వాళ్ళు సరేనని ఊరుకునేవారు. ఆవిడ చాలా ఇళ్ళ నుంచి కాఫీ లేకుండా తిరిగొచ్చింది. మా ఇంట్లో మొదటి వద్దు ఎవరికీ వినపడదు, రెండోది కూడా సరిగా వినపడదు. టర్కీలోనూ అంతేనట. నడుం సన్నటి చిన్న గాజు గ్లాసుల్లో చాయ్ వచ్చింది. అమ్మమ్మ తాగింది. పాలు లేవని మొహం పెట్టింది, అయినా రెండోది కూడా తాగింది.

ఇక బట్టలు దిగాయి. బీరువాల్లోంచి, గాజు పెట్టెల్లోంచి, పిన్ని ఎవరినీ ముట్టుకోనివ్వని అరల్లోంచి. ఒకదాని మీద ఒకటి దివాను నిండా పరిచారు. పిన్ని మధ్యలో కూర్చుని ఇటు తెలుగూ అటు ఇంగ్లీషూ మాట్లాడుతుంటే, పెద్దావిడ తన మామగారి మొదటి కొట్టు గురించి చెప్పింది. అక్కడా జనం చెప్పులు విడిచి గద్దె మీద కూర్చునేవారట. కొట్టు పెరిగిన కొద్దీ అద్దాలు పెరిగాయి, లైట్లు పెరిగాయి, కూర్చునే చోటు మాత్రం పోయిందట. చెబుతూ ఆవిడ నవ్వింది గానీ, చేతిలో ఉన్న గుడ్డని చాలాసేపు నిమురుతూనే ఉంది.

గాజు బయట జనం ఆగడం మొదలుపెట్టారు. లోపల ఇద్దరు ముసలమ్మలు చెప్పులు విడిచి కూర్చుని గుడ్డల మధ్య కబుర్లాడుతుంటే ఎవరికైనా చూడాలనిపిస్తుంది. ఒక తల్లీ కూతురూ తలుపు తోసి, గుమ్మంలో రెండు జతలు చూసి, తమవీ విప్పి పెట్టి లోపలికెళ్ళారు. తర్వాత ఇంకొందరు. ఒకాయన రెస్ట్‌రూమ్ ఎక్కడని అడగడానికి వచ్చాడు, ఆయనా బూట్లు విప్పాడు. నా కాపలా బాధ్యత చేయి దాటిపోయింది.

మా అమ్మమ్మ అన్నీ చూసింది. కొట్టంతా విప్పించింది. ఆఖరికి లేచి చీర సర్దుకుని, "రంగు కాస్త లైటుగా ఉండి ఉంటే బాగుండేది" అని ఏమీ కొనకుండా బయటికొచ్చేసింది. పిన్ని ఆ మాట ఇంగ్లీషులోకి మార్చడానికి భయపడింది. మార్చక తప్పలేదు. పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇలాంటి కస్టమర్లే మళ్ళీ వస్తారని తన మామగారు చెప్పేవారంది.

బ్రాంచ్ మూయలేదు. మర్నాటి నుంచి గాజు తలుపులు బార్లా తెరిచి పెట్టారు, దివాను మీద శాలువా తీసేసి మనుషుల్ని కూర్చోబెట్టారు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ వచ్చింది. తర్వాత హ్యూస్టన్‌లో పెట్టారు, ఆ తర్వాత ఇంకా చాలా ఊళ్ళలో. ప్రతి చోటికీ ముందు వెళ్ళి దివాను ఎక్కడుండాలో చెప్పే పని మా పిన్నిది. తన చెప్పుల వల్లే ఆ కంపెనీ అమెరికా అంతా పాకిందని అమ్మమ్మ తెనాలిలో చెప్పుకుంది. పార్కింగ్ వల్ల అని నాన్న ఇప్పటికీ అంటాడు.

నాకు మిగిలింది మాత్రం వంగి బూట్లు విప్పుతున్న ఆ నల్లకోటావిడ. అమ్మమ్మది పొరపాటని ఆవిడ ఎవరితోనూ అనలేదు. పర్లేదని కూడా అనలేదు. అలా అన్నా పొరపాటని చెప్పినట్టే కదా. తనూ బూట్లు విప్పేసింది, అంతే. దాంతో అది ఆ కొట్టు పద్ధతి అయిపోయింది.

పోయిన నెల ఇర్వింగ్‌లో నా కొత్తింటి గృహప్రవేశం జరిగింది. హాలు నిండా చుట్టాలు, అందరూ వట్టి కాళ్ళతో ఉన్నారు. అమ్మమ్మ కూడా వచ్చి సోఫాలో కూర్చుంది. పక్కింటి అమెరికన్ పెద్దాయన చేతిలో ఆపిల్ పై పళ్ళెం పట్టుకుని, కాళ్ళకి టెక్సాస్ బూట్లతో, నేరుగా హాలు మధ్యకి వచ్చేశాడు. మా అమ్మ ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది. ఆయన చుట్టూ ఉన్న కాళ్ళు చూశాడు, తన కాళ్ళు చూసుకున్నాడు, మొహం కందిపోయింది. అవి ఊడదీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

నేను గరాజ్‌లోకెళ్ళి, పట్టుచీర కింద స్నీకర్స్ తొడుక్కుని వచ్చాను. ఆయన పక్కనే నడిచి సోఫా దాకా తీసుకెళ్ళాను. అమ్మమ్మ నా కాళ్ళు చూసింది, ఆయన కాళ్ళు చూసింది, జరిగి చోటిచ్చింది. ఆ నేల అమ్మ ఎన్నిసార్లు తుడిచిందో ఇక్కడ చెప్పను, తను వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

కాఫీ తెస్తాను కూర్చోండి అన్నాను ఆయనతో. వద్దన్నాడు. నాకు వినపడలేదు.