చదవకుండా వదిలేసిన నాలుగు పాదాలు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రాజమండ్రిలో మాదో చిన్న మాసపత్రిక. రాసేదీ మేమే, చదివేదీ ఇంచుమించు మేమే. నెలకో ఆదివారం ఎడిటరుగారి మేడమీద గదిలో కూర్చునేవాళ్లం. అక్కడో పద్ధతి ఉండేది. వచ్చిన కవితలన్నీ పేర్లు చెప్పకుండా ఒక్కరే పైకి చదవాలి. నచ్చినవాళ్లు చెయ్యెత్తాలి. రాసినవాళ్లు అక్కడే కూర్చున్నా, ఇది నాదని నోరు మెదపకూడదు. చదివేది నేను. నా గొంతు బావుంటుందని అందరూ అనేవారు, నేనూ బాగానే ఉబ్బిపోయేవాణ్ణి.

ఓ ఏడాది వార్షిక సంచికలో ఒక్క కవితకే చోటు మిగిలింది. నా కవిత కూడా ఉంది, సముద్రం మీద. కొవ్వూరు నుంచి బస్సులో వచ్చే ఒకావిడ రాసిందీ సముద్రం మీదే. ఆవిణ్ణి సత్యవతిగారు అందాం. పేరు లేకపోయినా పోల్చుకున్నాను. మాలో ఉప్పాడలో పుట్టింది ఆవిడొక్కరే, వాళ్ల ఇల్లు సముద్రం కోతకి పోయింది. చదవబోయే ముందు కాగితం చివరిదాకా ఓసారి చూశాను. ఆఖరి నాలుగు పాదాల్లో, ఇల్లు కూలిన మర్నాడు వాళ్లమ్మ చీపురు పట్టుకొచ్చి, వాకిలి ఎక్కడుండేదో తెలియక అలలకేసి చూస్తూ నిలబడుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే భయమేసింది. ఇది విన్నాక నా కవితకి ఎవరు చెయ్యెత్తుతారు?

చదివాను, కరెంటు బిల్లు చదివినట్టు. ఆ నాలుగు పాదాల ముందు ఆగి, కాగితం కింద పెట్టేశాను. ఒకటో రెండో చేతులు లేచాయి. నా కవితకి గది గదంతా చెయ్యెత్తింది.

ఆవిడ మెట్ల దగ్గర నాకోసం ఆగారు.

"మాస్టారూ, చివర ఇంకో నాలుగు పాదాలు లేవాండి?"

"ఉన్నదంతా చదివానండి."

కాసేపు నా మొహంలోకి చూశారు. "అయితే ఫెయిర్ కాపీ తీసినప్పుడు నేనే వదిలేశానేమోలెండి. ముఖ్యమైందే మర్చిపోయాను, నా బుర్ర తగలెయ్య," అని తనను తనే తిట్టుకుంటూ దిగిపోయారు.

మళ్లీ రాలేదు. రాయడం మానేశారని ఎవరో అన్నారు. నావల్లేనా? ఒక్క కవిత పోతే ఎవరైనా మానేస్తారా? ఇలా సర్దిచెప్పుకుంటూనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. కానీ కవిత ఓడిపోతే ఇంకోటి రాసుకుంటారు. తను రాసిందో లేదో తనకే నమ్మకం లేకుండా చేస్తే, ఇంకేం రాస్తారు?

ఇప్పుడు పత్రిక కొత్తవాళ్లు నడుపుతున్నారు. పాతవాళ్లని పిలుద్దామని ఆవిడకి ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం వస్తున్నారట. గుర్తున్నంతవరకు ఆ కవితే చదువుతారట. ఆవిణ్ణి సభకి పరిచయం చేసే పని నాకు అప్పగించారు. అప్పట్నుంచీ అన్నం సహించట్లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. చదువుతూ చదువుతూ ఆ చోట ఆగి, ఆవిడ నాకేసి చూస్తే? అందరి ముందూ చెప్పే ధైర్యం నాకుందా? ఉందని మీకు మాటివ్వలేను. నన్ను క్షమించమనీ అడగను, అది మీ చేతుల్లో లేదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. కనీసం ఇక్కడైనా చెప్పనివ్వండి.

ఉన్నాయి సత్యవతిగారూ. ఆ నాలుగు పాదాలూ కాగితం మీద ఉన్నాయి. మీరేమీ మర్చిపోలేదు.