అడుగు అరలోని కథ

సినిమా కంపెనీలో కథలు చదివి, ఏది పనికొస్తుందో తేల్చే మనిషి నా ఎదుట ముప్పావు గంట కదలకుండా కూర్చుంటే, ఆ ముప్పావు గంటా ఏరి ఏరి నా దగ్గరున్న నాసిరకం కథలే చెప్పాను. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. దీనికి పెంపకం కావాలి. మా నాయనకు తిరుత్తణిలో చీరల అంగడి ఉంది. నేను పాకడం నేర్చుకున్నది ఆ అంగడి పరుపు మీదే. అంత శిక్షణ ఉంది కనుకే అంత ఘనంగా చెడగొట్టగలిగాను.

అప్పటికి రెండేళ్లలో నాలుగు స్క్రిప్టులు రాశాను. మూడు మామూలువి. నాలుగోది నా ప్రాణం. ఒకే మగ్గం మీద పొద్దున అన్న, మధ్యాహ్నం తమ్ముడు నేస్తారు. పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి తమ్ముడు కావాలనే అంచులో ఒక తప్పు నేస్తాడు, తిట్టడానికైనా అన్న నోరు తెరుస్తాడని. ఆ సీను రాసిన రోజు నాకు నేనే కాఫీ ఇప్పించుకున్నాను.

చెన్నై కంపెనీలన్నిటికీ మెయిళ్లు పెట్టాను. అది ఆడి నెల, ఆషాఢం లాంటిది. మా వైపు ఆడి వచ్చిందంటే బట్టలంగళ్ళన్నీ తళ్ళుబడి అని బోర్డులు కడతాయి, అంటే తగ్గింపు. నేనూ మెయిలు పైన ‘ఆడి తళ్ళుబడి: రెండు కథలు వింటే మూడోది ఉచితం’ అని పెట్టాను. ఒకే ఒక్క జవాబు వచ్చింది. మెయిల్ పెట్టె నిండిపోయిందని ఆ కంపెనీ కంప్యూటరు రాసింది. మర్యాదగానే రాసింది.

నాయన గడువు పెట్టాడు.

“దీపావళి దాకా చూస్తా మా. ఆ లోపల సినిమా మనిషి ఒకడన్నా నీ కథ చదివినాడంటే సరి. లేకుంటే ఆర్.కె.పేటలో పెట్టబోయే కొత్త అంగడి నువ్వే చూసుకోవాల.”

కూతురి చేతికి అంగడి ఇస్తానంటే ఏ ఇంట్లోనైనా మిఠాయి పంచుతారు. నాకు మాత్రం చలిజ్వరం వచ్చినట్టయింది. అంగట్లో కూర్చున్న మనిషికి బిల్లు తప్ప ఇంకేమీ రాయడానికి తీరదని నాయనను చూసి నాకు తెలుసు.

అట్లాంటి రోజుల్లో చెన్నై పక్కనున్న పట్టాభిరామ్ అనే ఊరి నుంచి ఒక జంట వచ్చింది. ఆమె పుట్టిల్లు మా పక్క ఊరు కె.జి.కండిగై. తమ్ముడి కూతురి పెళ్ళి పై నెల ఆవణిలో, తళ్ళుబడి ఆడిలో, అందుకని ముందే చీర కొనడానికి వచ్చారు. ఆయన పరుపు చివర కూర్చుని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. “ఆ స్క్రిప్టులో సెకండాఫ్ లేనేలేదు. తిప్పి పంపెయ్.”

నా చేతిలోని మూర కోల కింద పడింది. కాఫీ ఇచ్చే నెపంతో ఆయన పని ఏమిటో రాబట్టి, లోపలికి వెళ్ళి నాయన చెవిలో చెప్పాను.

“ఎంతసేపు కావాల నీకు?” అన్నాడు నాయన.

“ముప్పావు గంట.”

“అంతే కదా. ఆయమ్మకు నేను మెల్లిగా చూపిస్తా. నువ్వు ఆయన్ని చూసుకో.”

చీరలు చూపించడంలో మా అంగడికి ఒక వరస ఉంది. మంచిది ఎప్పుడూ ముందు తియ్యకూడదు. మొదట వేసే చీర అమ్మడానికి కాదు, వద్దనిపించుకోవడానికి. వద్దన్న కొద్దీ కొనేవాళ్ళకు తృప్తి. రెండోది కొంచెం నయంగా ఉండాలి. అట్లా మెట్టు మెట్టు ఎక్కించి, కళ్ళు అలిసిపోయాక అడుగు అరలోంచి అసలు చీర తీసి ఒళ్ళో వెయ్యాలి. అప్పుడు ధర అడగరు. ముప్పై ఏళ్లుగా నాయన చేతిలో ఈ వరస తప్పలేదు. చీరలకు పనికొచ్చింది కథలకు ఎందుకు పనికిరాదు?

నాయన ఆమె ముందు వెలిసిన ఆవపువ్వు రంగు చీర విప్పాడు. నేను ఆయన ముందు గుండ్ల కథ విప్పాను. గుండు కొట్టించుకున్న దొంగ తిరుత్తణికి పారిపోయి వస్తాడు. కొండ మీది గుడికి తలనీలాల మొక్కు తీర్చే ఊరు కదా, అందరూ గుండ్లే, పోలీసులకు దొరకడు.

“తర్వాత?” అన్నాడాయన.

“జుట్టు పెరుగుతుంది సార్. దొరికిపోతాడు.”

“వద్దు,” అంది ఆమె. చీరను.

“ఊఁ,” అన్నాడు ఆయన. కథను.

నాకు సంతోషమే. వరస సరిగ్గా నడుస్తోంది. నాయన బచ్చలిపండు రంగు తీశాడు. నేను టిక్కెట్టు లేకుండా లోకల్ రైల్లో తిరిగే దయ్యాన్ని తీశాను. ఆయన కాఫీ తాగేశాడు. మూడోది, పంచాయతీ ఎన్నికల్లో తన మీద తానే పోటీ చేసే అవ్వ. అవ్వ నామినేషన్ వేసేసరికి ఆయన పెద్దగా ఆవులించాడు. కళ్ళు అలిసినట్టే, ఇక అడుగు అర తియ్యొచ్చు అనుకున్నాను.

అప్పుడే పక్కన ఆమె నాయనను నిలదీసింది. “ఏం అన్నా, మంచివన్నీ అడుగున పెట్టుకోని, ఈ పాతవన్నీ నాకు ఆరేసి చూపిస్తా ఉండావే. కండిగైలో పుట్టినదాన్ని, నా దగ్గరా?”

నాయన నవ్వి అడుగు అరలోంచి నెమలికంఠం రంగు పట్టుచీర తీశాడు. ఆమె ఒళ్ళోకి లాక్కుంది. ఏ చీరో తేలిపోయింది. అదే నిమిషాన ఆయన గడియారం చూసుకుని లేచాడు.

“సార్, ఇంకొకటి ఉండాది. అదే అసలుది,” అన్నాను, ఒళ్ళోని స్క్రిప్టు కాగితాలు తడుముతూ.

“మూడు చెప్పినావు కదా మా. రైలు పోతే ఇంకో గంట కాచుకోవాల.”

ఆమె చీర మడత పెడుతూ మొగుడిని చూడకుండానే అంది. “ఈ పాపా అంగడోళ్ళ బిడ్డే కదండీ. అసలుది ఇంకా బయటికి తియ్యలేదు. మీకు చీరలు కొనడం వచ్చుంటే ఇది తెలిసుండును.” తర్వాత నాయన వైపు తిరిగింది. “అన్నా, ఆ కాగితాలు చీర పెట్టెలో అడుగున పెట్టు. ఆయన చేత నేను చదివిస్తా. తళ్ళుబడి పోను ఇంకా ఎంత తగ్గిస్తావు?”

ఒక రూపాయి ఎక్కువ తగ్గించాలంటే గల్లాపెట్టె వైపు తిరిగి దణ్ణం పెట్టే మా నాయన, నా మొహం చూసి ఎనిమిది వందలు తగ్గించాడు. నూట పద్దెనిమిది పేజీలు పట్టుచీర కింద పడుకుని పట్టాభిరామ్ రైలెక్కాయి.

తొమ్మిదో రోజు ఆయన ఫోను వచ్చింది. “ఇంట్లో పోరు పడలేక చదివినా మా. పన్నెండు పేజీలు. ఆడ నిలిపేసినా.”

నా కళ్ళ ముందు ఆర్.కె.పేట బస్సు కనిపించింది.

“ఆమె మాత్రం మొత్తం చదివింది. తొంభయ్యో పేజీలో తమ్ముడు తప్పు నేస్తాడు చూడు, దాన్ని తెచ్చి నా ముందర పెట్టింది. బాగుండాది. దాన్ని తొంభయ్యో పేజీలో ఎందుకు దాచినావు?”

“మంచిది కదా సార్.”

“మంచిదైతే మొదట్లోనే తే. మాకు కళ్ళు అలిస్తే అడుగు అర దాకా రాము, ఆ ముందే లేచి పోతాము. ముప్పై పేజీలు కోసేసి తిరిగి రాయి. ఈ తూరి పెట్టె వద్దు, మెయిల్ పంపు.”

“మెయిళ్ళు ముందే పంపినా కదా సార్, మీ కంపెనీకి.”

“నువ్వేనా అది? తళ్ళుబడి అని ఉంటే చీరల ప్రకటన అనుకోని తుడిచేసినాము.”

నాయనతో బేరం ఆ సాయంత్రమే మొదలైంది. పన్నెండు పేజీలు చదవడం చదవడమే కాదన్నాడు. తొంభయ్యోది కూడా కలిపి పదమూడు అన్నాను. నూట పద్దెనిమిదిలో పదమూడంటే చీర కొంగు తడిమినట్టే అన్నాడు. కొంగు నచ్చే కదా జనం చీర కొంటారన్నాను. చివరికి వారంలో మూడు రోజులు ఆర్.కె.పేట, నాలుగు రోజులు రాత అని తెగింది. ఏడూ పోవాల్సినవి, నాలుగు మిగుల్చుకున్నాను.

ఇక బిల్లు. ఈసారి మంచిది ముందు రాస్తాను. చివరి పేజీ దాకా చదివిన మనిషి, ఒకరు. సినిమా కంపెనీ లెక్కలో ఆమె లేదు, నా లెక్కలో ఉంది. సినిమా మనిషి చదివిన పేజీలు, పదమూడు. కోసేసినవి, ముప్పై ఆరు. వాటిలో పోయినందుకు నిజంగా ఏడవాల్సినవి నాలుగు. కొత్త ప్రతి మెయిల్ చేసి ఐదు వారాలు, జవాబు లేదు. చీరలో తగ్గించిన ఎనిమిది వందలు, ఆయన తాగిన కాఫీకి ఇరవై, రెండూ నాయన నా పేరనే రాశాడు. మొత్తం బాకీ ఎనిమిది వందల ఇరవై. ఆర్.కె.పేట జీతంలో కోసుకుంటున్నాడు.