తాలు కాయల పందెం

పదో తరగతి చదివే రోజుల్లో నా బొటనవేళ్ల మీద నాకున్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. (మా పాస్టరు గారు ఇలాంటివి చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.) ఆన్‌లైన్ క్లాసుల కోసమని కొనిచ్చిన ఫోనులో తెల్లవార్లూ దుప్పటి కింద తుపాకులు పేల్చి, పొద్దున క్లాసులో తూగేదాన్ని. ఒకసారి లెక్కల మాస్టారు పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేచి, "వెనకున్నాడు, కాల్చెయ్!" అని అరిచాను. వెనక బెంచీలో తనిఖీకి వచ్చిన హెడ్మాస్టరు గారు కూర్చుని ఉన్నారు.

అమ్మ ఫోను బియ్యం డబ్బాలో దాచింది, నేను వెతికి పట్టాను. పరీక్షలు నెత్తి మీదకొచ్చాయని ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఫోను మాత్రం వదల్లేదు. చివరికి మా నాయనమ్మ రంగంలోకి దిగింది. ఆవిడ మిరపకాయల కల్లాల్లో తాలు ఏరే కూలికి వెళ్లేది. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, ఎర్ర కాయల్లోంచి వాటిని ఏరేస్తేనే సరుకు చక్కబడేది.

"ఏమే, నీ వేళ్లు మహా జోరంట గదా! శనివారం నాతో కల్లానికి రా. నాకంటే ఎక్కువ ఏరావనుకో, తెల్లార్లూ ఆడుకో, మీ అమ్మకి నేను చెప్పుకుంటా. నేను గెలిస్తే మాత్రం రాత్రి తొమ్మిదింటికల్లా ఫోను నా చేతిలో పెట్టాలి" అంది.

డెబ్బయ్యేళ్ల మనిషితో పందెమా అని నవ్వుకున్నాను. చెరో కుప్ప ముందు కూర్చున్న కాసేపటికే ఆ నవ్వు ఆగిపోయింది. నాయనమ్మ పక్కావిడతో కబుర్లాడుతోంది, మధ్యలో చర్చి పాట అందుకుంటోంది. చేతులు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. ఎర్రవి ఇటు, తెల్లవి అటు, ఒక్కటీ తప్పటం లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. అంత వేగం, అంత నిబ్బరం నా ఆటలో ఏ మొనగాడి దగ్గరా చూడలేదు. ఈలోగా ఎండకి కునుకు ముంచుకొచ్చింది. ఎలాగైనా గెలవాలన్న పట్టుదలతో, మిరపకాయలు పట్టిన ఆ చేతులతోనే కళ్లు గట్టిగా నులుముకున్నాను. (మిరప పండే ఊళ్లో పుట్టి ఈ పని చేసినదాన్ని నేనొక్కదాన్నేనట.) నా కేకలకి పక్క కల్లం వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

నాయనమ్మ బిందెడు నీళ్లు నా మొహాన కుమ్మరించి, ఇంటికి తీసుకొచ్చి, కళ్ల మీద తడిగుడ్డ వేసి పడుకోబెట్టింది. కళ్లే తెరవలేనిదాన్ని ఫోనేం చూస్తాను? సాయంత్రం పడుకున్నదాన్ని ఆదివారం చర్చి గంటకి లేచాను. ఒళ్లంతా దూదిలా తేలిగ్గా ఉంది. రోజూ నాలుగింటికే లేచే నాయనమ్మ మాత్రం ఇంకా నిద్రపోతోంది.

"నాయనమ్మకి ఒంట్లో బాలేదా?" అని అమ్మని అడిగాను.

"ఒళ్లు బానే ఉంది. ఇన్నాళ్లూ నీ దుప్పట్లో లైటు ఆరేదాకా ఆవిడా కన్ను మూయలేదే. నిన్న రాత్రే మీ ఇద్దరికీ నిద్ర."

నాలాగే నిద్రలేని రాత్రులు గడిపి, పైగా రోజూ కూలికి పోయి, ఆ చేతులు ఒక్క కాయ తప్పలేదు! సిగ్గూ ఆశ్చర్యమూ కలిసి ఏడుపొచ్చింది. ఆవిడ లేవగానే ఫోను తెచ్చి చేతిలో పెట్టాను.

"పొద్దున్నే ఇస్తావేమే పిచ్చిమొహమా? రాత్రి తొమ్మిదింటికి గదా పందెం. అందాకా ఆడుకో, పో" అంది.

పదో తరగతి చదివే ఆ పిచ్చిమొహాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ రోజు అది ఆడుకోలేదు. చర్చిలో నాయనమ్మ పక్కన చేరి, ఒళ్లో ముడుచుకున్న ఆ చేతుల వంకే చూస్తూ కూర్చుంది.