కామాక్షమ్మ నోట పలికిన పేరు

వాకాడు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న పాలెంలో కామాక్షమ్మ నోటికి జంకని వాళ్ళు లేరు. ఆమె చేపల గంప దించితే సగం ధరకు అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అంత నోరున్న మనిషీ ఇరవై మూడేళ్ళ కాపురంలో మొగుడి పేరు ఒక్కసారి పలకలేదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది, ఈమె నమ్మింది. రేషన్ షాపులో పేరడిగితే కూతురు సుభాషిణిని ముందుకు తోసేది. ఆయనకు అదో ఆట. ఆమె ఓటరు కార్డు వీపు వెనక దాచి, "నా పేరు చెప్పు, ఇస్తా" అనేవాడు. ఆ ఏడు ఆమె ఓటే మానుకుంది.

కార్తీకంలో ఆయన పడవ బోల్తా పడింది. తోడు వెళ్ళిన ఇద్దరూ ఈదుకొచ్చారు, ఆయన రాలేదు. అధికారులు రెండు రోజులు వెతికి ఊరుకున్నారు. ఈ నెలలో నీళ్ళు దక్షిణానికి లాగుతాయి, అటు వెతకండని ఆమె మొత్తుకుంటే ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఐదో రోజున ఒక టీవీ వాళ్ళు మర్నాడు వస్తామని కబురు పెట్టారు. బతికున్నా, లేకున్నా ఆమెకు ఆయన కావాలి. నలుగురినీ అడగడానికి ఇక ఇదొక్కటే దారి.

గూడూరులో డిగ్రీ చదివే సుభాషిణి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీసింది.

"వాళ్ళేం అడిగినా నీక్కావాల్సింది ముందు చెప్పెయ్ మా. పొడుగ్గా చెప్తే కోసేస్తారు. నాయన పేరు, పచ్చబొట్టు, దక్షిణంగా వెతకమని. అంతే."

"మా సుభాషిణోళ్ళ నాయన..."

"ఆడుండేవాళ్ళకి సుభాషిణి ఎవురో ఎట్టా తెలుస్తాది మా? పేరు చెప్పాల."

"నా నోటితో చెప్తే ఆయనకేమన్నా అయితే?"

సుభాషిణి ఫోన్ పక్కన పెట్టి ఏడ్చేసింది. కామాక్షమ్మ కొంగుతో కూతురి ముఖం తుడిచి, "ఏడవబాకమ్మే. మళ్ళీ తియ్యి" అంది. పదకొండోసారికి పేరు బయటికొచ్చింది. చెప్పిన వెంటనే పుస్తెలు కళ్ళకద్దుకుంది.

మర్నాడు విలేకరి కిషోర్ బాబు మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు. "అమ్మా, ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది?"

మొగుడి జాడ తెలియని ఆడమనిషిని ఆ మాట అడగడానికి నోరెలా వస్తుందో దేవుడికే తెలియాలి. కామాక్షమ్మ అతని ముఖంలోకే చూసింది.

"నా పెనిమిటి పేరు చిన్నపోలయ్య. కుడిచేతి మీద నా పేరు, కామాక్షి అని పచ్చబొట్టు ఉండాది. నీళ్ళు దక్షిణానికి లాగతా ఉండాయి. ఆ పక్క ఊళ్ళల్లో ఎవురన్నా చూసుంటే చెప్పండయ్యా."

ఇంకో రెండు రకాలుగా అడిగి చూశాడు. ఆమె అదే చెప్పింది. "కాస్త ఏడ్చుంటే బాగుండేది" అని కెమెరా అతనితో గొణుక్కుంటూ పోయాడు. నలభై సెకన్లే వేశారు. చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. పులికాట్ దాటాక ఉన్న ఒక తమిళ ఊరి జాలరి ఆ ముక్క చూశాడట. ఆ పచ్చబొట్టున్న మనిషి మూడు రోజుల కిందటే ఒడ్డుకు కొట్టుకొచ్చాడనీ, శవాన్ని ఆసుపత్రిలో ఉంచారనీ వచ్చీరాని తెలుగులో చెప్పి, అతనే ఏడ్చాడు.

"బో చక్కంగా చెప్పినావక్కా, అందుకే దొరికినాడు" అన్నారు పాలెంవాళ్ళు. ఆసుపత్రికి పోయే దారి పొడుగునా ఆమె "నేను చెప్పబట్టేనేమో" అంటూనే ఉంది. "నువ్వు చెప్పకముందే పోయినాడు మా" అని సుభాషిణి రోజులు లెక్కపెట్టి చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

ఆసుపత్రిలో పోలీసాయన కాగితం తీసి పేరడిగాడు. అలవాటు కొద్దీ సుభాషిణి నోరు తెరిచింది. కామాక్షమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గుడ్డ కాస్త తొలగించి, ఆ పచ్చబొట్టు మీద అరచెయ్యి ఆనించింది.

"చిన్నపోలయ్యా," అని పిలిచింది. "చెప్పినా గదా. పలకవేం?"

పోలీసాయన పేరు రాసుకున్నాడు.